నూరు సెకన్ల బేరం

సినిమా వాళ్లు మా వాడ నుంచి వెళ్లిపోయిన మరునాడు పొద్దున్నే కూర్చుని, పోయినవాటి లెక్క రాశాను. స్టీలు గ్లాసులు పద్నాలుగు. ఇంటి పైరేకులు రెండు, లైటు కట్టడానికి ఎక్కినవాడి బరువుకు పగిలాయి. పక్కింటి పెద్దవ్వ కోడిపెట్ట ఒకటి. తప్పిపోయిందో, వాళ్ల బిర్యానీలోకి పోయిందో ఇప్పటికీ తేలలేదు. కెమెరాకు అడ్డం వస్తున్నాయని నరికిన మల్లెకొమ్మలు మూడు. ముందుగోడ రంగు: మాది ఆకుపచ్చ, పాత ఇంటిలా కనిపించాలని వాళ్లు మట్టిరంగు కొట్టి అలాగే వదిలేశారు. సాంచలు ఆగిన సమయం ఏడు గంటల నలభై నిమిషాలు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటాం. మా వాడలో ఇరవై రెండు సాంచలున్నాయి. ఒక్కొక్కటి నిమిషానికి నూటపది పోగులు అడ్డంగా వేస్తుంది. అంగుళానికి నలభై నాలుగు పోగులు పడే గుడ్డ. అంటే నేయకుండా పోయింది ఆరువందల నలభై రెండు మీటర్లు. చివరగా ఒక రహస్యం. దాని వయసు ఇరవై ఏడేళ్లు. నాకూ నా భార్యకూ ఉమ్మడి ఆస్తి.

రహస్యం పోవడాన్ని నష్టం కింద రాయాలా, లాభం కింద రాయాలా అని చాలాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించాను. పోయింది కాబట్టి పోయినవాటి కిందే రాశాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న నేతకార్ల ఊరు మాది. పద్నాలుగేళ్లకు సాంచల షెడ్డులో పనికి చేరి, నూలు ఇచ్చి గుడ్డ నేయించుకునే ఆసామి కాగితం మీద గీసుకుంటుంటే భుజం మీదుగా తొంగిచూసి లెక్కలు నేర్చుకున్నాను. పడుగు చుట్టే ఒక్కో బీముకు ఎంత నూలు పడుతుంది, ఎన్ని మీటర్లు దిగుతుంది, తరుగు ఎంత అని ఇప్పుడు ఆసాములే నన్ను అడుగుతారు. వాడలో నా పేరు లెక్కలన్న.

నా భార్యను నేను మొదట చూసింది అంకెగానే. ఆమె మా షెడ్డుకు కండెలు చుట్టి ఇచ్చేది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లకు దారం చుడితే అది కండె. రోజుకు రెండువందలు దాటించే చెయ్యి ఊళ్లో ఆమెది ఒక్కటే. సాయంత్రం ఎంచి పుస్తకంలో రాయడం నా పని. ప్రేమ ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, ఎప్పుడు దొరికిపోయానో చెప్పగలను. ఒకరోజు ఆమె రెండువందల నాలుగు ఇస్తే రెండువందల పద్నాలుగు రాశాను. మర్నాడు షెడ్డు గుమ్మంలో నిలబడి నిలదీసింది.

"పది ఎక్కువ రాసినవ్. నాకేమన్న ధర్మం చేస్తున్నవా?"

"ఎంచుట్ల తప్పు పోయింది."

"నువ్వా? తప్పు ఎంచుడా? గీ ముచ్చట జెప్తే ఊరంత నవ్వుతది," అని తనే ముందు నవ్వింది.

ఆ ఏడే మాట ఖాయమైంది. నిశ్చితార్థం అయిన మూడో నెల నుంచి పుస్తకంలో అంకెలు పడిపోవడం మొదలైంది. రెండువందల పది, నూట అరవై, నూట ఇరవై, డెబ్బై. ఒక సోమవారం తొమ్మిది. ఇంటికి వెళ్లి చూశాను. రాట్నం ముందు కూర్చుని ఉంది. దారం తెగలేదు, వేళ్ల మధ్యనే ఉంది. చెయ్యి మాత్రం కదలడం లేదు. గాలి సోకిందని కొందరు, పెండ్లి ఇష్టం లేక బద్ధకం నటిస్తోందని కొందరు అన్నారు. మెడలో తాయెత్తులు నాలుగయ్యాయి. నేను నెలరోజుల అంకెలు ఒక కాగితం మీద వరుసగా రాసి కాబోయే మా మామ ముందు పెట్టాను. ఆయనా నేతగాడే. చాలాసేపు చూసి, "చెయ్యి గిట్ల పడిపోవుడు బద్ధకం గాదు, రోగమే," అన్నాడు. కరీంనగర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన నా కాగితం చూసి, ఇంత బాగా లక్షణాలు చెప్పినవాళ్లు ఇంతవరకూ రాలేదన్నాడు. ఇది మనసుకు వచ్చే జబ్బు, మందు ఉంది, రోజూ వేసుకోవాలి, తనంతట తాను ఆపకూడదు, అన్నాడు. ఏడు వారాలకు కండెలు నూట యాభైకి వచ్చాయి. పెళ్లయ్యే నాటికి నూట తొంభై.

పెళ్లైన రెండో ఏడు, "బాగనే ఉన్న గదా," అని ఒకసారి మందు ఆపేసింది. పంతొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు మళ్లీ రాట్నం ముందు ఆ కదలని చెయ్యి. ఆ పంతొమ్మిది రోజుల్లో ఆమె మీద నా ప్రేమ ఏమీ తగ్గలేదు. నన్ను నేను గట్టిగా తనిఖీ చేసుకునే చెబుతున్నాను. ప్రేమ ఉంది, గోలి లేదు, చెయ్యి ఆగింది. అప్పటి నుంచి ఒక్క రోజు తప్పలేదు. ఎవరైనా అడిగితే బీపీ గోలి అని చెప్పాం. అట్టలోంచి తీసి చిన్న స్టీలు డబ్బాలో పోసుకునేది. మా బిడ్డ పుట్టి, పెరిగి, డిగ్రీ చదివి, ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పే వయసుకు వచ్చినా దానికీ అదే చెప్పాం.

ఇక సినిమా. హైదరాబాద్ నుంచి ఒక కుర్ర డైరెక్టరు వచ్చాడు. మా ఇల్లు, దానికి ఆనుకుని ఉన్న షెడ్డు నచ్చాయన్నాడు. మా అరుగు మీద చాయ్ తాగుతూ కథ చెప్పాడు. సాంచలు నడిపే కుర్రాడు, కండెలు చుట్టే పిల్ల. ఇద్దరికీ ప్రేమ. పిల్లకు డిప్రెషన్ వస్తుంది. ఊరు వెలివేస్తుంది. అంతవరకూ నేనూ నా భార్యా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా విన్నాం.

"క్లైమాక్స్ మాత్రం ఆదిలాబాద్ జలపాతం దగ్గర, అంకుల్. ఆ అమ్మాయి మందులన్నీ తీసి నీళ్లలోకి విసిరేస్తుంది. నాకు నువ్వు చాలు అంటుంది. అంతే, ప్రేమతో నయమైపోతుంది!"

నా భార్య ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర ఒకే మాట అంది. "గా సినిమా జూసి ఎంతమంది ఆడివిల్లలు పారేస్తరో లెక్క జెప్పు, లెక్కలాయనా."

మొదటి రోజు పదిన్నరకు, మాటలు సరిగా రికార్డు కావడం లేదు, సాంచలు ఆపించండి అన్నారు. నేనే వెళ్లి చెప్పాను. ఇరవై రెండూ ఒకదాని వెనుక ఒకటి ఆగాయి. నాకు ఆ క్షణంలో తట్టని సంగతి ఒకటుంది. మా ఊళ్లో ఒక వాడ సాంచలన్నీ ఒక్కసారిగా ఆగేది ఒకే ఒక్క కారణానికి. ఆ వాడలో ఎవరో పోయారని.

పది నిమిషాల్లో పై వాడల వాళ్లు వచ్చేశారు. మగవాళ్లు తలలకు తువ్వాళ్లు చుట్టుకుని, ఆడవాళ్లు వాడ మొదటి నుంచే శోకాలు తీస్తూ. మా ఇంటి ముందు షామియానా ఉంది, కుర్చీలు ఉన్నాయి, పెద్ద గిన్నెల్లో వంట ఉంది. ఇంకేం కావాలి? పై వాడలో ఉండే ఒక బొద్దు అక్క నేరుగా మా గుమ్మం దగ్గర కూలబడి, "ఓ నా చెల్లే, గింత జల్ది పోతివా, నా కండెల చెల్లే," అని అందుకుంది. నా భార్య కూరగాయల చేట పట్టుకుని బయటకు వచ్చింది.

"ఎవలు పోయిన్రక్కా?"

ఆ అక్క తలెత్తి ఆమెను చూసింది. నోట్లో ఉన్న శోకం ఇంకో రెండు చరణాలు వెళ్లాకగానీ ఆగలేదు.

"నువ్వు సావలేదానె?"

"ఇంకా లే. చాయ్ తాగుతవా?"

ఒకాయన దండ కూడా తెచ్చాడు. నలభై రూపాయలు పెట్టి కొన్నాను, అమ్మినవాడు వాపస్ తీసుకోడు, అని గొణుగుతూ చివరికి దాన్ని కెమెరాకు వేశాడు. వచ్చినవాళ్లందరికీ సినిమా వాళ్లే చాయ్ పోశారు. వాళ్లు వెళ్లాక నా భార్య నా పక్కకు వచ్చింది.

"ఎంచినవా?"

"నలభై మూడు."

"మంచిగనే వచ్చిన్రు," అంది సంతోషంగా.

కానీ ఆ తర్వాత వాడ అడ్డం తిరిగింది. బతికున్న మనిషికి శోకం పెట్టించారు, అపశకునం, ఇక సాంచలు ఆపేది లేదు అన్నారు. డైరెక్టరు పరేషాన్. ఇంకా ఐదు రోజుల పని ఉంది. ఇరవై రెండు సాంచల మోతలో ప్రేమ మాటలు ఎవరికి వినిపిస్తాయి?

ఆ మధ్యాహ్నం, మోత అవసరమైన సీను ఏదో తీద్దామని, హీరోయిన్ పిల్లతో షెడ్డులో అభ్యాసం చేయించారు. జుట్టు విరబోసుకుని, నేసిన గుడ్డ చింపుతూ, తల బీముకేసి కొట్టుకుంటూ అరుస్తోంది. నా భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"బిడ్డా, గిది ఏం రోగం?"

"డిప్రెషన్ ఆంటీ."

"గిట్లుండది."

"మరి ఎలా ఉంటుంది?"

నా భార్య లోపలికి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. దారం కొస వేళ్ల మధ్య పట్టుకుంది. అంతే. నిమిషం గడిచింది. కళ్లు దారం మీదే ఉన్నాయి గానీ దారాన్ని చూడడం లేదు. రెండో నిమిషం గడిచింది. ఎవరో కరెంటు మీట నొక్కి షెడ్డులో సాంచలు ఆపారు. నాకు ఆ కూర్చోవడం తెలుసు. పాతికేళ్లు దాటాక మళ్లీ చూస్తుంటే ఆమె వైపు రెండడుగులు వేశాను. అప్పుడు తలెత్తి, "గిట్లుంటది," అని దారం వదిలేసి మామూలుగా లేచింది.

"మీకెలా తెలుసు ఆంటీ?" అన్నాడు డైరెక్టరు.

ఆమె నన్ను చూసింది. నేను పక్కనే నిలబడి చూస్తున్న మా బిడ్డను చూశాను.

"నాకు వచ్చింది గనుక. నా స్టీలు డబ్బాల ఉన్నయి బీపీ గోలీలు గావు."

మా బిడ్డ నోరు తెరిచి తల్లిని చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. దాని ముఖంలో ఏదో లెక్క తిరుగుతోంది. నా బిడ్డ కదా.

"అంటే అవ్వా, నీకు బీపీ లేదా?"

"లేదు బిడ్డా."

"మరి పుట్టినకాంచి మాకు ఉప్పు లేని కూరలు ఎందుకు వెట్టినవే?"

అబద్ధం పకడ్బందీగా ఉండాలని మొదటి నెలలో ఉప్పు తగ్గించాం. తర్వాత అదే అలవాటైపోయింది. నేనూ ఇరవై ఏడేళ్లు ఆ చప్పిడి పప్పే తిన్నాను. మేం ముగ్గురం నవ్వుతుంటే ఏమీ అర్థంకాక సినిమా వాళ్లూ నవ్వారు. ఆ తర్వాత మా బిడ్డ తల్లి పక్కకు వెళ్లి ఆమె భుజం మీద తల పెట్టి కాసేపు అలాగే నిలబడింది.

అక్కడే బేరం మొదలైంది. "గోలీలు నీళ్లల్ల పారేసుడు వద్దు బిడ్డా. నేను పారేసి చూసిన, నయం గాలే. పొద్దుగాల లేసి గోలేసుకుంటది, పని చేసుకుంటది, మొగనితోని కొట్లాడుతది, నవ్వుతది. గది చూపెట్టు. గట్లయితే వాడంత నేను ఒప్పిస్త, సాంచలు ఆపిస్త."

డైరెక్టరు కాసేపు గడ్డం గీరుకున్నాడు. "సరే ఆంటీ. విసిరేయడం తీసేస్తా. ఆ సీను కూడా కొంచెం పెడతా."

"కొంచెం అంటే ఎంత?" అన్నాను నేను.

"ఒక నిమిషం నలభై సెకన్లు, అంకుల్. సినిమాలో అది చాలా పెద్ద సీను."

నూరు సెకన్లు. పుస్తకంలో రాయించి సంతకం పెట్టించాను.

సాయంత్రం నా భార్య పక్కింటి పెద్దవ్వ వాకిట్లోకి పోయింది. అక్కడ ఆడవాళ్లంతా చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఏమీ దాచకుండా చెప్పింది. తాయెత్తులు, కరీంనగర్, పంతొమ్మిది రోజులు, సినిమా వాళ్లతో బేరం, అన్నీ. చేతులన్నీ ఆగిపోయాయి. చివరికి పెద్దవ్వే నోరు విప్పింది.

"మా ముసలాయనకు గూడ గిట్లనే ఉండెనే. పనికి పోకుండ గోడదిక్కు తిరిగి పండుకుంటుండె. తాగుబోతని చెప్పుకున్నం. గాయిన సుక్క ముట్టలే పాపం."

ఎదురింటి ఆమె చేట కింద పెట్టి, "మరి బీపీ అని, ఏటేట నేనిచ్చిన మామిడికాయ తొక్కు వాపస్ ఇస్తివి గదనే?" అంది.

"ఇప్పుడు తెస్తవా?" అంది నా భార్య.

తొక్కు వచ్చింది. మర్నాటి నుంచి సాంచలు ఆగాయి, అడిగినప్పుడల్లా. పొరపాటు మళ్లీ జరగకుండా పెద్దవ్వ వాడ మొదట్లో స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరు వచ్చినా కర్ర ఊపుతూ, "ఎవ్వలు సావలే, పోన్రి, సినిమా!" అని అరిచేది.

మా సీను చివరి రోజు తీశారు. హీరోయిన్ పిల్ల గోలి మింగుతూ కళ్లలో నీళ్లు తెచ్చుకుంది.

"ఆపు, ఆపు," అంది నా భార్య. "గోలేసుకునేటప్పుడు ఎవలన్న ఏడుస్తరా? నేనైతే పాలాయన మీద ఒర్లుకుంట ఏసుకుంట."

డైరెక్టరు పకపకా నవ్వి అలాగే తీశాడు. గోలి, నీళ్లు, పాలాయనకు తిట్లు, రాట్నం, అత్తతో వాదన, నవ్వు. నేను ఫోనులో కాలం కొలిచాను. నూట మూడు సెకన్లు వచ్చింది. మూడు తరుగు కింద వదిలేశాను.

వారం తర్వాత ఆదిలాబాద్ నుంచి డైరెక్టరు ఫోన్ చేసి రమ్మన్నాడు. నిర్మల్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. జలపాతం తుంపర ముఖాల మీద పడుతుంటే అతను సిగ్గుపడుతూ చెప్పాడు. డబ్బు పెట్టిన పెద్దాయన గోలీలు విసిరేసే సీను కూడా షూట్ చేయమన్నాడట. రెండు రకాలుగా తీస్తాం, తర్వాత చూద్దాం అన్నాడు. మా కళ్ల ముందే ఆ పిల్ల గుప్పెడు గోలీలు నీళ్లలోకి విసిరింది. అవి పిప్పరమెంట్లని తెలిసినా నా భార్య కూర్చున్న బండ మీద నుంచి లేచి నిలబడింది. తిరుగు ప్రయాణంలో నిర్మల్‌లో బస్సు దిగాం. "రెండిట్ల ఏది వెడ్తడో," అంది నా భార్య.

తొమ్మిది నెలల తర్వాత సినిమా విడుదలైంది. వాడ నుంచి ముప్పై ఆరుగురం కరీంనగర్ వెళ్లి వరుసగా కూర్చున్నాం. మా ఇల్లు కనిపించినప్పుడు ఈలలు. పెద్దవ్వ తన కోడి ఎక్కడైనా కనిపిస్తుందేమోనని కళ్లు చిట్లించి వెతుకుతూనే ఉంది. ఆ పిల్ల రాట్నం ముందు కదలకుండా కూర్చున్నప్పుడు మాత్రం మా వరుసలో పల్లీలు నమలడం ఆగింది. చివరికి జలపాతం. పిల్ల సంచిలో చెయ్యి పెట్టింది. నా భార్య నా మణికట్టు పట్టుకుంది. డబ్బా బయటకు వచ్చింది. పిల్ల దాన్ని చూసింది, హీరోను చూసింది, మళ్లీ సంచిలో పెట్టేసి, "పొద్దు గూకుతుంది, పోదాం పా," అంది. మణికట్టు మీద ఆమె గోళ్ల గుర్తులు నాలుగు మరునాటిదాకా ఉన్నాయి. బేరంలో ఆ సగం పూర్తిగా ముట్టినట్టే.

ఆ తర్వాత మా సీను. ఫోను సిద్ధంగా పెట్టుకున్నాను. పిల్ల గోలి నోట్లో వేసుకుంది. "ఓ పాలన్నా, నీ బర్రె నల్లా నీళ్లు తాగుతుందా, నల్లా కిందనే పుట్టిందా?" హాలంతా ఘొల్లుమంది. వెంటనే పాట మొదలైంది. పదకొండు సెకన్లు.

"గంతేనా?" అంది నా భార్య పైకే. హాలు మళ్లీ నవ్వింది.

దీపాలు వెలిగాక మా ముందు వరుసలో ఒక పిల్ల, పిల్లవాడు లేస్తున్నారు. వాడు చెప్పు వెతుక్కుంటూ మామూలుగా అడిగాడు. "నీ గోలి ఏసుకున్నవా ఇయ్యాల?"

"లే. ఇంటికి పోయినంక."

"మర్చిపోతవ్."

"నువ్వున్నవ్ గదా గుర్తు జేసెతందుకు, పాలన్నా," అని నవ్వింది ఆ పిల్ల.

నా భార్య నా చేతిలోని పల్లీల పొట్లం లాక్కుని వాళ్ల వెనకే పోయి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఎవరో తెలియని ఆవిడ పల్లీలు ఎందుకు ఇస్తోందో ఆ పిల్లకు అర్థం కాలేదు. అయినా తీసుకుంది.

మర్నాడు డైరెక్టరుకు ఫోన్ చేశాను. నిడివి ఎక్కువైంది అంకుల్, కత్తిరించారు, అన్నాడు. నా భార్య ఫోను లాక్కుంది.

"బిడ్డా, మేం సాంచలు పూర్తిగ ఆపినమా, సగం ఆపినమా?"

"పూర్తిగానే ఆంటీ."

"మరి?"

అతను ఫోన్లలో చూసే సినిమాలో తప్పకుండా కలుపుతానన్నాడు. రెండు నెలలకు అది కూడా వచ్చింది. మా బిడ్డ పెట్టి ఇచ్చింది. మూడుసార్లు కొలిచాను. పన్నెండు. తిట్లు తిన్నాక పాలాయన ముఖం ఒక సెకను చూపించారు. ఆ ఒక్క సెకనూ పుస్తకంలో జమ రాశాను. పండగ పండగకూ అతను శుభాకాంక్షలు పంపుతాడు. నా భార్య తిరిగి దీవెనలు పంపి, వాటి కింద మిగిలిన అంకె కూడా వేయమంటుంది. అతను చేతులు జోడించిన బొమ్మ పెడతాడు. ఈ ఉదయం వరకు రావలసింది ఒక నిమిషం ఇరవై ఎనిమిది సెకన్లు.